తొక్కినా పలకని కారు!

భీష్మ ఏకాదశి నాడు రామతీర్థం రోడ్డు మీద ఓ పావుగంట నిలబడి చూడండి. స్వామివారి కల్యాణానికి విజయనగరం వైపు నుంచి ఆటోలు, బస్సులు, కార్లు బారులు తీరి వస్తాయి. ఆ కార్లలో స్టీరింగు పట్టుకున్న ఆడవాళ్లు ఎంతమంది కనిపిస్తారో! టీచర్లు, బ్యాంకు ఉద్యోగినులు, పిల్లల్ని కోచింగులకి దింపే గృహిణులు... బండి నడపడంలో మనం ఎవరికీ తీసిపోలేదు. అయితే ఆ బండి మొరాయించి షెడ్డుకి చేరిందా, అంత ధైర్యమూ ఎటు పోతుందో తెలీదు. "పార్టు పోయింది మేడం" అనగానే పర్సు తీసేస్తాం. ఏ పార్టు, ఎందుకు పోయింది, పోయిందని ఎలా తేల్చారు? ఈ మూడూ అడగం.

ఇప్పటి కార్లలో ఇలా జేబుకి చిల్లు పెట్టేవాటిలో ముందు వరసలో ఉండేది ఎలక్ట్రానిక్ థ్రాటిల్. పేరు చూసి బెదిరిపోకండి. మిక్సీ ఎలా పనిచేస్తుందో తెలిసిన మనకి ఇదేమంత బ్రహ్మవిద్య కాదు.

తీగ పోయి తీగలొచ్చె!

ఇంజిన్‌కి పెట్రోలుతో పాటు గాలీ కావాలి. ఆ గాలి వెళ్లే గొట్టంలో గుండ్రటి రేకు తలుపు ఒకటి ఉంటుంది. అది ఎంత తెరుచుకుంటే ఇంజిన్ అంత జోరందుకుంటుంది. పాత మారుతి 800 రోజుల్లో యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఆ తలుపు దాకా ఒక ఉక్కు తీగ ఉండేది. బావిలో చేద తాడు లాగినట్టు, కాలితో తొక్కితే తలుపు తెరుచుకునేది. తీగ తెగితే మార్చేవారు, బిగుసుకుంటే నూనె చుక్క వేసేవారు. అంతే.

ఇప్పుడా ఉక్కు తీగ లేదు. పెడల్ దగ్గర రెండు సెన్సర్లు కూర్చున్నాయి. మీరెంత తొక్కారో అవి కరెంటు భాషలో కంప్యూటర్‌కి చెబుతాయి. తలుపు ఎంత తెరవాలో కంప్యూటర్ ఆలోచించి, థ్రాటిల్ బాడీలోని చిన్న మోటారుకి ఆజ్ఞ ఇస్తుంది. తలుపు చెప్పినంతే తెరుచుకుందా అని చూడ్డానికి అక్కడ మరో రెండు సెన్సర్లు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమల్లోకి వచ్చిన భారత్ స్టేజ్ 6 నిబంధనల్లాంటివి పొగని అదుపులో పెట్టమంటాయి. అందుకు గాలిని ఇంత లెక్కగా కొలిచి పంపడం ఎంతో సాయం చేస్తుంది.

ఒక్కోచోట రెండేసి సెన్సర్లు ఎందుకంటారా? సాక్షి ఒక్కడే అయితే అబద్ధం చెప్పినా తెలీదు కదా! పెడల్ దగ్గర, చాలా కార్లలో, మొదటి సెన్సర్ చూపే వోల్టేజిలో సగమే రెండోది చూపాలి. థ్రాటిల్ దగ్గర కొన్ని కార్లలో ఒకటి పెరుగుతుంటే రెండోది తగ్గుతుంది, రెండూ కలిపితే ఎప్పుడూ 5 వోల్టులకి దగ్గరగా ఉండాలి. ఇద్దరు సాక్షుల మాటా కలవకపోతే కంప్యూటర్ ఎవరినీ నమ్మదు. మోటారుని వదిలేస్తుంది. అప్పుడు స్ప్రింగులు ఆ తలుపుని ఓ సన్నటి సందు తెరిచి ఉంచుతాయి. పెడల్ ఎంత తొక్కినా కారు నత్తనడకే. దీన్నే మెకానిక్కులు 'లింప్ మోడ్' అంటారు. అంటే కుంటినడక. అది మిమ్మల్ని ఏడిపించడానికి కాదు, ప్రమాదం లేకుండా రోడ్డు పక్కకి చేర్చడానికి.

నెల్లిమర్ల దాటాక...

మా తోటికోడలు టీచరు. ఓ ఆదివారం మా అత్తగారిని కారులో రామతీర్థం తీసుకెళ్తోంది. విజయనగరం నుంచి సుమారు 12 కిలోమీటర్ల దూరమే. నెల్లిమర్ల దాటాక పికప్ ఒక్కసారిగా పడిపోయింది. డాష్‌బోర్డులో పసుప్పచ్చ ఇంజిన్ దీపం వెలిగింది. పక్కకి తీసి, ఆపి, కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడిచింది. "రాములోరి దయ" అన్నారు అత్తగారు. నాలుగు రోజులకి మళ్లీ అదే వరస.

షెడ్డు కుర్రాడు స్కానర్ పెట్టి, "థ్రాటిల్ బాడీ పోనాదమ్మా. మార్చీడమే" అన్నాడు. స్కానర్‌లో వచ్చిన కోడ్ పి 2135. వేలల్లో ఖర్చు. మా తోటికోడలు లెక్కల టీచరు కాబట్టి ఊరుకోలేదు. "పోయిందని ఈ కోడ్ ఎక్కడ చెప్పింది బాబూ? రెండు సెన్సర్ల లెక్క కలవలేదనే కదా దాని అర్థం. ఆ రెండు అంకెలూ నాకు చూపించు" అంది.

కుర్రాడు మంచివాడే, విసుక్కోలేదు. ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, తెర మీద అంకెలు పెట్టాడు. బాగానే ఉన్నాయి. థ్రాటిల్ బాడీకి వచ్చే వైర్ల కప్లర్‌ని మెల్లగా కదిపాడు. ఒక అంకె గభాల్న సున్నాకి పడిపోయింది! కప్లర్ ఊడదీస్తే ఒక పిన్నుకి పచ్చటి చిలుము. సముద్రం గాలికి తోడు, అంతకు కొద్దిరోజుల ముందే ఇంజిన్ మీద జోరుగా నీళ్లు కొట్టించి కడిగించారట. పిన్నులు శుభ్రం చేసి, కప్లర్ గట్టిగా బిగించాడు. ఆ దీపం మళ్లీ వెలగలేదు. కొత్త పార్టు వేసినా, ఆ చిలుము పట్టిన కప్లరే కదా దానికీ తగిలించేది!

కోడ్ అంటే అనుమానం, తీర్పు కాదు

ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. కోడ్ తేడా ఎక్కడ కనిపించిందో చెబుతుంది. ఏ వస్తువు చెడిందో చెప్పదు. పి 2135 అంటే చాలా కార్లలో థ్రాటిల్ దగ్గరి రెండు సెన్సర్లకీ పొత్తు కుదరలేదని. పి 2138 అంటే పెడల్ సెన్సర్లకి కుదరలేదని. పి 2111 అయితే తలుపు తెరుచుకుని ఉండిపోయిందని, పి 2112 అయితే మూసుకుని ఉండిపోయిందని. వీటి వెనక కారణం సెన్సరే కావొచ్చు, మసి కావొచ్చు, వైరు కావొచ్చు, బ్యాటరీ కూడా కావొచ్చు. అందుకే వెతికే పని చవకైన దాని దగ్గర మొదలుపెట్టి, ఖరీదైన దాని దగ్గర ముగించాలి.

* ముందు కోడ్ రాసుకోండి. లోపం వచ్చిన క్షణంలో కారు వేగం, ఇంజిన్ వేడి లాంటి వివరాల్ని కూడా కంప్యూటర్ దాచి ఉంచుతుంది. కోడ్ చెరిపేస్తే అవీ పోతాయి. కాబట్టి రాసుకోకుండా చెరపనివ్వొద్దు.

* తర్వాత బ్యాటరీ. ఇంజిన్ ఆపి ఉంచినప్పుడు 12.4 నుంచి 12.6 వోల్టులు, నడుస్తుంటే సాధారణంగా 13.5 నుంచి 14.5 దాకా ఉండాలి. నీరసించిన బ్యాటరీ, వదులైన ఎర్త్ వైరు లేనిపోని కోడ్‌లన్నీ పుట్టిస్తాయి.

* ఆ తర్వాత కళ్లతో చూడటం. మన పల్లెల్లో నూర్పులయ్యాక గడ్డికుప్ప పక్కన, ధాన్యం బస్తాల పక్కన కారు పెడతాం. ఎలుకలకి ఇంజిన్ వెచ్చదనం, వైర్ల రుచి రెండూ ఇష్టమే. కొరికిన గుర్తులు, చిలుము, వదులు కప్లర్లు కంటికే దొరుకుతాయి.

* ఇప్పుడు పెడల్ పరీక్ష. ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి, పెడల్‌ని మెల్లగా చివరిదాకా తొక్కి వదలాలి. స్కానర్‌లో అంకె సాఫీగా ఎక్కి సాఫీగా దిగాలి. మధ్యలో ఎగిరినా, పడినా పెడల్ సెన్సర్‌నీ దాని వైర్లనీ అనుమానించాలి. పెడల్ సెన్సర్ సాధారణంగా పెడల్‌తో కలిపే వస్తుంది. థ్రాటిల్ బాడీ మారిస్తే ఈ జబ్బు పోదు.

* సెన్సర్లకి కంప్యూటర్ 5 వోల్టుల కరెంటు పంపుతుంది. అదే లైను మీద కొన్ని కార్లలో ఏసీ సెన్సర్ లాంటివీ ఉంటాయి. వాటిలో ఏది షార్టయినా ఆ 5 వోల్టులు పడిపోయి, నింద థ్రాటిల్ మీదికొస్తుంది. మీటరు పెట్టి ఆ కరెంటు కొలవడం రెండు నిమిషాల పని.

* చివరికి థ్రాటిల్ బాడీ. తలుపు చుట్టూ నల్లటి మసి పేరుకుంటే అది సరిగ్గా మూసుకోదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ వణకడం, ఆగిపోవడం దీని లక్షణాలు. అందుకని అమ్మే క్లీనర్‌తో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. తాళం ఆన్‌లో ఉండగా ఆ తలుపులో వేలు పెట్టకూడదు, మోటారు గభాల్న మూసేస్తుంది. తుడిచాక చాలా కార్లలో తలుపు కొలతల్ని కంప్యూటర్‌కి మళ్లీ నేర్పించాలి. అది మరిచిపోతే ఇంజిన్ వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, మనం కొత్త రోగం అనుకుంటాం.

ఇన్నీ చూశాక కూడా మోటారు కదలకపోతే, లోపలి పళ్లచక్రం అరిగితే అప్పుడు మార్చాల్సిందే. ఆ ఖర్చుకి చింతించక్కర్లేదు.

పట్టా కింద పొంచిన ప్రమాదం

పికప్ పోవడం ఒక ఎత్తు, కారు దానంతటది ఉరకడం ఇంకో ఎత్తు. 2009 ఆగస్టులో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక లెక్సస్ కారు అదుపు తప్పి నలుగురు చనిపోయారు. అందులో వేరే మోడల్ కారు పట్టా వేశారు, యాక్సిలరేటర్ దానికింద ఇరుక్కుంది. ఆ తర్వాత టయోటా లక్షలాది కార్లని వెనక్కి పిలిపించింది. తప్పు ఎలక్ట్రానిక్స్‌దేనని పెద్ద గొడవ జరిగింది. నాసా ఇంజినీర్లు నెలల తరబడి పరిశోధించారు. అంత జోరుగా కారు ఉరకడానికి ఎలక్ట్రానిక్ లోపం కారణమని చెప్పే ఆధారం దొరకలేదని 2011 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఇరుక్కునే పట్టాలు, బిగుసుకుపోయే పెడళ్లే తేలిన కారణాలు.

మనమేం చేస్తాం? కంపెనీ పట్టా మాసిపోతుందని దానిమీద ఇంకోటి పరుస్తాం! డ్రైవర్ వైపు ఒక్కటే పట్టా, అదీ మీ మోడల్‌దే, కొక్కేలకి తగిలించి ఉంచండి. కారు ఉరికితే బ్రేకుని ఒకే పట్టున గట్టిగా తొక్కి పట్టండి, వదిలి వదిలి తొక్కొద్దు. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, పక్కకి ఆపి, ఆ తర్వాతే ఇంజిన్ ఆపండి. నడుస్తుండగా తాళం లాగేస్తే స్టీరింగు బిగుసుకుపోవచ్చు. పికప్ పడిపోతే హజార్డ్ లైట్లు వేసి ఎడమ పక్కకి రండి. ఆపి స్టార్ట్ చేస్తే బాగుందని షెడ్డుకెళ్లడం మానొద్దు. లోపం దాక్కుంటుంది గానీ దానంతటది నయం కాదు.

షెడ్డులో అడగండి

1. ఏ కోడ్ వచ్చింది? చెరిపే ముందు రాసిస్తారా?
2. బ్యాటరీ, ఎర్త్, కప్లర్లు చూశారా?
3. సెన్సర్ల అంకెలు నాకు చూపిస్తారా?
4. తుడిస్తే సరిపోదా? తుడిచాక కొలతలు మళ్లీ నేర్పించారా?
5. మార్చిన పాత పార్టు నాకిస్తారా?

ఈ ప్రశ్నలకి పనితెలిసిన మెకానిక్ ఎవరూ కోప్పడరు. చెప్పేవాడికి ఓపిక ఉంటే, వినడానికి మనకి పావుగంట తీరిక లేకపోదు. కూరగాయలు కొనేటప్పుడు వంకాయని తిప్పి చూడకుండా సంచిలో వేసుకోం కదా, కారు దగ్గర మాత్రం ఆ మొహమాటం ఎందుకు?