పూయలేదని గొడ్డలి ఎత్తకండి!
సింహాచలం సంపెంగకు ఎనిమిది, పదేళ్ల ఓపిక కావాలి

(మా గ్రామీణ విలేఖరి)

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అప్పలస్వామి, అప్పలనర్సమ్మ, సింహాచలం అన్న పేర్లు లేని ఊరు వెతికినా దొరకదు. సింహాద్రి అప్పన్న మీద ఇక్కడి జనానికి గల భక్తి అటువంటిది. ఆయన కొండ పేరు మనుషులకే కాదు, ఒక పూలచెట్టుకు కూడా ఉంది. అదే సింహాచలం సంపెంగ. కొండకు వెళ్లి వచ్చిన ఆడవాళ్ల కొప్పులో ఒక్క పువ్వు ఉంటే చాలు, బస్సంతా ఘుమఘుమలాడుతుంది. పొదలా అల్లుకునే ఆకు సంపెంగ వేరు, బంగారు రంగు రేకులతో చెట్టుకు పూసే ఈ సంపెంగ వేరు.

ఇంత పేరున్నా ఈ చెట్టు పెరట్లో గల ఇళ్లు మన పల్లెల్లో అరుదు. నాటినవారు లేక కాదు, పూసేదాకా ఉంచినవారు తక్కువ.

గొడ్డు చెట్టు అన్నారు

2012లో తొలకరి పడగానే మా అమ్మ సంతలో ఒక మొక్క కొన్నది. అంటు మొక్క, మూడో ఏటనే పూస్తుందని అమ్మినవాడు నమ్మబలికాడు. మూడేళ్లు పోయాయి, అయిదేళ్లు పోయాయి. చెట్టు ఇంటికప్పు దాటింది గాని మొగ్గ జాడ లేదు. "గొడ్డు చెట్టు వదినా, దీని నీడకు బెండ, వంగ కూడా ఎదగడం లేదు. కొట్టేసి మునగ వేసుకో" అని ఇరుగుపొరుగువారు చెప్పసాగారు. నాన్న గొడ్డలికి పదును కూడా పెట్టించారు. "అప్పన్న పేరున్న చెట్టు, కొట్టనివ్వను" అని అమ్మ అడ్డుపడింది.

2021 వేసవిలో, అనగా తొమ్మిదో ఏట, తెల్లవారుజామున నూతి దగ్గరకు వెళ్లిన అమ్మ అందరినీ కేకేసింది. ముందు వాసన తెలిసింది. తల ఎత్తి చూస్తే ఆకుల మధ్య రెండు పువ్వులు. మాకు అమ్మినది అంటు కాదు, గింజ మొక్క అని అప్పటికి గాని బోధపడలేదు.

అంటుకు, గింజకు తేడా

గింజతో మొలిచిన సంపెంగ పూయడానికి ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది. అంటు మొక్క రెండు మూడేళ్లలోనే పూస్తుంది. అది పూసే చెట్టు కొమ్మ నుంచి వచ్చినది గనుక బాల్యం దాటి ఉంటుంది. గింజ మొక్క ఆ వయసంతా తానే గడపాలి. అది గొడ్డుతనం కాదు, దాని స్వభావం.

కొనేటప్పుడు మొదలు పరిశీలించాలి. అంటు కట్టిన చోట కణుపులా ఉబ్బు, కోత మచ్చ కనిపిస్తాయి. కాండం కింది నుంచి పైదాకా ఒకే నునుపుగా ఉంటే అది గింజ మొక్క అని అనుమానించాలి. అతుకు కింద నుంచి చిగుళ్లు వస్తే వెంటనే గిల్లివేయాలి. లేకుంటే అంటు చచ్చి అడుగు మొక్కే మిగులుతుంది.

గింజ వేసుకోదలచినవారు ఆలస్యం చేయరాదు. కాయ విచ్చగానే ఎర్రని గుజ్జు కడిగి, వెంటనే నీడలో మట్టిలో వేయాలి. ఎండబెట్టి దాచిన గింజ మొలకెత్తదు. మొలకకు నెల నుంచి మూడు నెలలు పట్టవచ్చు.

నాటే పద్ధతి

నీరు నిలిచే పల్లం ఈ చెట్టుకు పనికిరాదు. ఎండ తగిలే మెరక కావాలి. ఇది పెద్ద వృక్షం గనుక ఇంటి గోడకు దూరంగా, గొయ్యిలో చివికిన పశువుల గత్తం, చెరువు మన్ను కలిపి నాటాలి. మొదటి రెండు మూడు వేసవులు నీరు తప్పరాదు. మొదట్లో ఎండుగడ్డి పరిస్తే తేమ నిలుస్తుంది.

సంపెంగ వాసనకు పాములు వస్తాయని కొందరు వెనుకాడుతారు. పాము పూల కోసం రాదు, ఎలుకల కోసం, కప్పల కోసం వస్తుంది. చెట్టు కింద చెత్త, కట్టెలు పోగుపడకుండా చూసుకుంటే చాలు.

గాలివానల భయం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన పెరళ్లను ఎలా ఊడ్చిపెట్టాయో అందరం చూశాం. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు కూలినవారికి ఎన్నో ఏళ్ల ఎదురుచూపు ఒక్క రాత్రిలో పోవడం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. అందుచేత లేత మొక్కకు వెదురు కర్ర ఊతం కట్టాలి. పెద్ద చెట్టుకు ఎండిన కొమ్మలు, ఒకదానిపై ఒకటి ఒరిసే కొమ్మలు అక్టోబరుకు ముందే తీసివేస్తే గాలి దూరి పోతుంది. హుద్‌హుద్‌కు మా మొక్క నేల మీదికి వంగిపోయింది. మర్నాడే లేవనెత్తి, మట్టి తొక్కి, కర్ర కట్టాం. అదే మొక్క నేడు పూస్తున్నది.

త్వరగా పూలు కావాలంటే చూసి, ఎంచి అంటు మొక్క కొనండి. గింజ మొక్కే అయితే నాటిన సంవత్సరం గోడ మీద రాసి పెట్టుకోండి. పదేళ్లు నిండకుండా దాని మీద గొడ్డలి పెట్టకండి.