ఇంజిన్ మారితే చాలదు, ఆర్‌సీ కూడా మారాలి



మన హిమాయత్‌నగర్ చుట్టుపక్కల పాత ఆటో, ఓమ్నీ వ్యాను, టాటా ఏస్ మీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మొయినాబాద్, చేవెళ్ల పొలాల కూరగాయలు, పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరడంలో ఈ చిన్న బండ్ల పాత్ర తక్కువేమీ కాదు. సహాయం కోరి వచ్చేవారు చెప్పే మాటల్లో ఒకటి: "ఇంజిన్ సీజ్ అయింది భాయ్, బండి షెడ్డులో పడి ఉంది." దాత డబ్బు ఇస్తాడు, మెకానిక్ వేరే ఇంజిన్ బిగిస్తాడు, బండి రోడ్డెక్కుతుంది. పని పూర్తయిందని అందరూ అనుకుంటారు. చట్టం లెక్కలో మాత్రం అది సగం పనే. ఆ మిగతా సగం ఏమిటో, దానికీ దాతలు ఎందుకు డబ్బు కేటాయించాలో ఈ వ్యాసంలో చెప్పదలిచాం.

రెండు నంబర్లు

ప్రతి బండికీ ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు అని రెండు ఉంటాయి. ఇంజిన్ నంబరు దాని బ్లాకు మీద చెక్కి ఉంటుంది. రెండూ ఆర్‌సీలో నమోదవుతాయి. పిల్లవాడికి టీసీ ఎలాంటిదో బండికి ఆర్‌సీ అలాంటిది. టీసీలో పుట్టిన తేదీ ఒకటి, పిల్లవాడు చెప్పేది ఒకటి అయితే ఏ బడిలోనైనా చిక్కే. ఆర్‌సీలో ఒక నంబరు, బానెట్ కింద ఇంకో నంబరు ఉన్నా అంతే. తనిఖీలో మొదట వచ్చే అనుమానం దొంగ ఇంజిన్ అనే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. బోరింగ్ చేయించి పిస్టన్లు, రింగులు మార్చినా, హెడ్ బాగు చేయించినా బ్లాకు పాతదే కాబట్టి నంబరు మారదు. ఆర్‌సీలోనూ మార్పు అక్కర్లేదు. అందుకే బోరింగ్‌తో సరిపోతుందా అని మెకానిక్‌ను ముందే అడగాలి. బ్లాకు పూర్తిగా పాడైతేనే ఇంజిన్ మార్పిడి మాట. కొత్త బ్లాకు మీద పాత నంబరు కొట్టించుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. నిజాయితీగా కొన్న వస్తువు కూడా ఆ ఒక్క పనితో దొంగ సొత్తులా కనిపిస్తుంది.

చట్టం ఏమంటుంది

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ దీనికి ఆధారం. తయారీదారు నిర్దేశించిన వివరాలకు, ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్చాక 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలిపి, ఆర్‌సీలో కొత్త వివరాలు ఎక్కించుకోవాలి. ముందస్తు అనుమతి లేకుండా అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేసుకునే వెసులుబాటును ప్రభుత్వం ఇవ్వగలిగేది కనీసం 10 రవాణా వాహనాలున్న యజమానులకే. ఒక్క బండితో బతికే మనవాళ్లు ముందే కార్యాలయంలో అడిగి చేయడం క్షేమం.

కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇదే సంగతి స్పష్టం చేసింది. తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని తీర్పు చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో, అనుమతి లేని మార్పులకు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు వచ్చింది.

ఏ ఇంజిన్ కొనాలి

అదే కంపెనీ, అదే మోడల్, అదే ఇంధనం, అదే కాలుష్య ప్రమాణం. ఈ నాలుగూ కుదరాలి. "రెండూ 796 సీసీనే, సరిపోతుంది" అని మారుతి 800 ఇంజిన్‌ను ఓమ్నీకి చూపిస్తారు. సీసీ ఒకటైనంత మాత్రాన రకం ఒకటి కాదు. ఒకటి కార్బురేటర్‌ది, ఇంకొకటి ఇంధనాన్ని ఇంజెక్షన్ పద్ధతిలో పంపేది కావచ్చు. హైదరాబాద్‌లో 2005లో బీఎస్-3, 2010లో బీఎస్-4, దేశమంతటా 2020లో బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. తర్వాతి ప్రమాణపు బండికి అంతకు ముందు ప్రమాణపు ఇంజిన్ బిగిస్తే అనుమతికి అదే అడ్డు.

పాత ఇంజిన్ కొంటే మూడు కాగితాలు అడగాలి: బండి యజమాని పేరిట బిల్లు, ఆ ఇంజిన్ ఏ బండిదో దాని ఆర్‌సీ రద్దయినట్టు రుజువు, అమ్మినవారి గుర్తింపు పత్రం నకలు. ఆ బండి దొంగతనం కేసులో ఉందేమో జాతీయ నేర రికార్డుల సంస్థ నడిపే 'వాహన్ సమన్వయ్'లో చూసుకోవచ్చు. బిల్లు లేని ఇంజిన్ ఎంత చౌకైనా వద్దు.

కాగితాల వరుస

బండి మీద ఫైనాన్స్ ఉంటే ముందు వారి రాతపూర్వక అంగీకారం. తర్వాత రవాణా శాఖకు దరఖాస్తు, రుసుము. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ముందు బండి నిలపాలి; ఆయన నంబర్లు సరిచూస్తారు. ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కాక కాలుష్య పరీక్ష పత్రం, అద్దెకు నడిపే బండైతే ఫిట్‌నెస్ చూసుకోవాలి. చివరిది బీమా: కొత్త ఇంజిన్ నంబరును పాలసీలో రాయించాలి.

ఈ చివరి మెట్టునే చాలామంది వదిలేస్తారు. ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారన్న అభ్యంతరాన్ని బీమా కంపెనీ లేవనెత్తేందుకు చట్టంలో చోటుంది. మర్రిచెట్ల మధ్య ఇరుకుగా సాగే మన బీజాపూర్ రోడ్డు మీద ఒక్క ప్రమాదం జరిగి కంపెనీ ఆ మాటే అంటే, పరిహారం భారం ఎవరి మీద పడుతుంది? దాత నిలబెట్టాలనుకున్న కుటుంబం మీదే. ఎదుటి బాధితుడు కూడా పేదవాడే అయితే రెండు ఇళ్లు కోర్టు మెట్ల మీద కూర్చుంటాయి.

ఇంధనమే మార్చాలనుకుంటే

సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీకి మారడాన్ని 52వ సెక్షనే అనుమతిస్తుంది. అయితే ఆమోదం పొందిన కిట్టును, అధీకృత కేంద్రంలోనే బిగించుకోవాలి. కిట్లను పరీక్షించే సంస్థల్లో పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ ఉన్నాయి. ఆటోలను విద్యుత్తుకు మార్చుకునేందుకు తెలంగాణ 2020 విధానం తొలి 5,000 ఆటోలకు ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా 15,000 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. ఇప్పుడు ఏ రాయితీ దొరుకుతుందో కార్యాలయంలో కనుక్కుని దిగడం మంచిది.

'ఏపీ 28' నంబరు ప్లేటుతో తిరిగే సొంత బండ్లలో 15 ఏళ్లు దాటినవి ఉన్నాయి. వాటికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కావాలి. తేలికపాటి వాహనానికి 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుమును 5,000 రూపాయలు చేశారు. అది కూడా అయిదేళ్లకే. ఇంజిన్ ధరకు ఇవన్నీ కలిపి లెక్క వేసి, ఆ డబ్బుతో కాస్త కొత్త బండి వస్తుందేమో చూడాలి.

దాతలకు మా మనవి

మొదటిది, ఇంజిన్‌కు సహాయం చేసేటప్పుడు రుసుములు, బీమా ఖర్చు కలిపే మొత్తం నిర్ణయించండి. రెండోది, డబ్బు రెండు విడతలుగా ఇవ్వండి: బిల్లు చూసి మొదటిది, ఆర్‌సీలో కొత్త నంబరు చూసి రెండోది. ఇది అపనమ్మకం కాదు, తీసుకునేవారికి రక్షణ. మూడోది, మీ పాత వ్యానును సేవా పనులకు విరాళంగా ఇస్తుంటే దాని ఇంజిన్ నంబరును ఆర్‌సీతో ఒకసారి సరిచూసి ఇవ్వండి. రోగిని ఎక్కించుకుని ఉస్మానియాకు బయలుదేరిన బండి దారిలో కాగితాల కోసం ఆగిపోకూడదు.

దానంగా ఇచ్చిన సొమ్ము పంచేవారి చేతిలో అమానత్. ఆ సొమ్ముతో నడిచే బండిలో కూర్చున్న ప్రాణాలూ అమానతే. ఇంజిన్ ఇచ్చే చెయ్యి కాగితాలూ పూర్తి చేయిస్తే, ఆ సహాయం ఏళ్ల తరబడి ఆ ఇంటిని నిలబెడుతుంది, ఇన్షా అల్లాహ్.