ఒక మెట్టు – రెండు పేర్లు

రేడియో ముందు కూర్చుండి మా సంగీత పాఠములు నేర్చుకొను పిల్లలు సరళీ వరుసలు ఉత్సాహముగనే పాడుదురు. శాస్త్రము మొదలుకాగానే కొందరు తమకు సంగీతము రాదని నిశ్చయించుకొని మానివేయుదురు. చిక్కు మొదటి పట్టికలోనే యున్నది: స్వరస్థానములు 12, వాని పేర్లు 16.

హార్మోనియముపై షడ్జమము దాటి రెండవ మెట్టు నొక్కుడు. అది చతుశ్శ్రుతి రిషభము. శుద్ధ గాంధారమును అదియే. మూడవది సాధారణ గాంధారము, షట్‌శ్రుతి రిషభము కూడ. ధైవత నిషాదములందును ఇట్టి జంటలు రెండు కలవు. నాదమొకటియై యుండగా నామములు రెండేల యని బిడ్డ అడిగినచో అది మందబుద్ధి కాదు, సరియైన ప్రశ్న.

కనకాంగిని చూడుడు. అందు రిషభము మొదటి మెట్టుననే యున్నది. రెండవ మెట్టును కూడ రిషభమే యన్నచో ఆ మేళమునకు గాంధారమే లేకపోవును. ఏడు స్వరములును ఉండి తీరవలెనను నియమమే రెండవ పేరును తెచ్చినది. ఆ లెక్కన రి-గ జంటలు 6, ధ-ని జంటలు 6, మధ్యమములు 2. హెచ్చవేసినచో 17వ శతాబ్దమున వేంకటమఖి చతుర్దండీప్రకాశికలో లెక్కకట్టిన 72 మేళములు వచ్చును.

పురందరదాసు తొలి పాఠములకు నిర్ణయించెనని చెప్పుకొను మాయామాళవగౌళలో ఈ జంటపేర్ల స్వరమొక్కటియు లేదు! కావున అది కుదురువరకు పట్టిక చూపకుండుటయే మేలని మా అభిప్రాయము. (పరీక్షల కొఱకు చదువువారికి ఈ వెసులుబాటు ఉండదు, పాపము.) పిదప శంకరాభరణము పాడి వినిపించుడు. మారునవి రిషభ ధైవతములు రెండే. ఆ మార్పును బిడ్డ చెవి పట్టిననాడు చతుశ్శ్రుతి యను మాట చెప్పవచ్చును.