సంత నుంచి సంతకు నడక

వేసవిలో నెల రోజులు అపలేచియన్ ట్రైల్ మీద నడుస్తామనగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "నెల రోజుల తిండి ఎలా మోస్తారు?" అని. ఎవరూ మోయరు. ఈ ఒక్క అపోహతోనే, హాయిగా నడవగలిగినవాళ్లు కూడా ఆ ఆలోచనే మానుకుంటున్నారు.

అమెరికాలో జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్ల కాలిబాట ఇది. 1921లో బెంటన్ మకాయ్ ప్రతిపాదిస్తే 1937కు పూర్తయింది. ఉద్యోగాలున్నవాళ్లు దీన్ని ఏటా కొంత చొప్పున నడుస్తారు. న్యూజెర్సీలోని తెలుగువాళ్లకు నేను చెప్పేది ఇంటి దగ్గరి ముక్కే: డెలవేర్ వాటర్ గ్యాప్‌లో మొదలుపెట్టి న్యూజెర్సీ, న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్ దాటి వెర్మాంట్ సరిహద్దు దాకా. దాదాపు 490 కిలోమీటర్లు. వారానికో రోజు విశ్రాంతి తీసుకున్నా రోజుకు సగటున 19 పడుతుంది. జూన్ మధ్యలో బయలుదేరితే, ఎండలు ముదిరేసరికి మీరు ఉత్తరానికి చేరుకుంటారు. మొదటి వారం మాత్రం 13 దాటకండి. కాళ్లు కుదురుకోవాలి.

ఇక తిండి. మనిషికి రోజుకు 800 గ్రాములు లెక్కేస్తే నెలకు 24 కిలోలు. నాలుగు రోజులకైతే మూడు కిలోల పైచిలుకు, అంతే. పల్లెల్లో వారం సంతకు వెళ్లినవాళ్లు మళ్లీ సంత దాకా సరిపడానే కొనుక్కుంటారు కదా, ఇక్కడా అదే పద్ధతి. దారి పొడవునా కెంట్, సాలిస్‌బరీ, డాల్టన్ లాంటి ఊళ్లు తగులుతాయి. ఏ సంతలో ఏం దొరుకుతుందో ముందే తెలుసుకోవాలి. మనకు కావలసినవి దొరకని చోటికి ఇంటి నుంచే పార్సిల్ పంపుకోవాలి. దాని మీద మీ పేరు, 'జనరల్ డెలివరీ' అన్న మాట, ఊరు, జిప్ కోడ్, మీరు చేరే తేదీ రాస్తే పోస్టాఫీసులో ఉంచుతారు. గుర్తింపు కార్డు చూపి తీసుకోవచ్చు.

మంగళ, బుధవారాలు ఉత్తరానికి వారశూల అని ప్రయాణం వాయిదా వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ బాట ఒక్క పూటలోనే నాలుగు దిక్కులకూ తిరుగుతుంది. వారం చూడాల్సింది పోస్టాఫీసు కోసం. శనివారం సాయంత్రం చేరారంటే, తిండి అద్దాల తలుపుకు అవతల ఉంటుంది, మీరు సోమవారం దాకా ఇవతల ఉంటారు.

సంచిలోకి ఏది వెళ్లాలో బరువే తేలుస్తుంది. గ్రాము కొవ్వులో 9 కేలరీలుంటే పిండిపదార్థంలో 4. అందుకే వంద గ్రాముల అటుకులు సుమారు 350 కేలరీలిస్తే, అంతే బరువు పల్లీలు 570 దాకా ఇస్తాయి. అంగళ్లలో అమ్మే ఎనర్జీ బార్ల కన్నా మన పల్లీపట్టీ, నువ్వులుండ ఏ విధంగానూ తక్కువ కాదు. న్యూజెర్సీ, కనెక్టికట్‌లలో ఈ బాట వెంట మంట వేయడం నిషేధం కాబట్టి చిన్న గ్యాస్ స్టవ్ తప్పనిసరి. పప్పు ఉడికేసరికి గ్యాస్ అయిపోతుంది. సన్నటి ఉప్మా రవ్వను ఇంట్లోనే నేతిలో దోరగా వేయించి, పోపు కలిపి పొట్లాలు కట్టుకోండి. కరివేపాకు చేత్తో నలిపితే పొడయ్యేలా వేగాలి, తడి మిగిలితే బూజు పడుతుంది. అక్కడ మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు మూతపెడితే చాలు. నేతి వాసన ఎలుగుబంట్లను రప్పిస్తుంది. రాత్రి తిండిని గుడారంలో పెట్టుకోవద్దు, ఎలుగులు తెరవలేని డబ్బాలో దూరంగా ఉంచాలి.

నీళ్లకు ఫిల్టరు, అర సైజు పెద్ద బూట్లు, వానకోటు ఉండాలి. పొద్దుగూకగానే ఒళ్లంతా వెతుక్కుని పిడుదుల్ని తీసేయాలి. అవి అంటించే లైమ్ జబ్బుకు ఆ పేరు వచ్చింది కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరి నుంచే.

న్యూయార్క్ హార్లెం రైలు మార్గంలో 'అపలేచియన్ ట్రైల్' పేరుతో స్టేషనే ఉంది. శని, ఆదివారాల్లో రైళ్లు ఆగుతాయి. నెల సెలవు అడిగే ముందు ఒక శనివారం నిండు సంచితో అక్కడ దిగి, ఒక రాత్రి ఉండి రండి.