‘డెబాకిల్’ – ఒక ఆంగ్ల పదం, ఒక తెలుగు గండి

ఎన్నికలలో ఒక పక్షం చిత్తుగా ఓడినా, క్రికెట్ జట్టు నూరు పరుగుల లోపే కుప్పకూలినా, పేరుగల బ్యాంకు హఠాత్తుగా మూతపడినా, మరునాటి ఆంగ్ల దినపత్రికలలో తరచుగా కనిపించే పదం ‘డెబాకిల్’. నిఘంటువులు దీనికి పతనం, ఘోర పరాజయం, సర్వనాశనం అనే అర్థాలను ఇస్తాయి. అయితే అర్థం తెలిసినంత మాత్రాన ప్రయోగం తెలిసినట్లు కాదు. ఈ పదం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుంటే, దానిని ఎక్కడ వాడవచ్చునో, ఎక్కడ వాడరాదో సులభంగా బోధపడుతుంది. బొగ్గు గనులతోను, రైలు మార్గాలతోను జీవితం పెనవేసుకున్న బిలాస్‌పూర్ వాసులకు ఇందులో ఒక హెచ్చరిక కూడా లభిస్తుంది.

లాటిన్ భాషలో ‘బాకులుమ్’ అంటే కర్ర. సూక్ష్మదర్శినిలో కర్రముక్కలా కనిపించే క్రిమికి శాస్త్రజ్ఞులు పెట్టిన ‘బాసిల్లస్’ అనే పేరు ఈ కుటుంబానిదే. తలుపు వెనుక అడ్డంగా కర్ర వేసి బిగించడాన్ని ఫ్రెంచి వారు ‘బాక్లే’ అన్నారు. దానికి వ్యతిరేకార్థకమైన ఉపసర్గ చేర్చగా ‘దెబాక్లే’, అనగా అడ్డుగడియ తీసివేయడం, ఏర్పడింది. శీతల దేశాలలో చలికాలమంతా గడ్డకట్టి ఉన్న నది, వసంతం రాగానే మంచు పలకలు పగిలి, వెనుక నిలిచిన నీటితో సహా ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ దృశ్యానికి ఫ్రెంచి వారు పెట్టిన పేరే ‘దెబాక్ల్’. 19వ శతాబ్ది ఆరంభంలో ఈ మాట భూగర్భ శాస్త్ర పరిభాషగా ఆంగ్లంలో ప్రవేశించి, ఆ శతాబ్ది మధ్యభాగానికి ‘ఆకస్మిక మహాపతనం’ అనే అలంకారిక అర్థాన్ని సంతరించుకున్నది. 1870 నాటి యుద్ధంలో ఫ్రాన్సు పొందిన పరాభవాన్ని చిత్రిస్తూ ఎమిల్ జోలా 1892లో వెలువరించిన నవలకు పేరు కూడా ఇదే.

ఇంజనీర్లు తప్పక తెలుసుకోవలసిన దెబాక్ల్ ఒకటి ఉన్నది. స్విట్జర్లాండ్‌లోని బాన్య లోయలో 1818లో జియెత్రో హిమానీనదం నుండి జారిపడిన మంచు నదికి అడ్డుకట్టగా నిలిచి, వెనుక పెద్ద సరస్సు ఏర్పడింది. ఇగ్నాజ్ వెనెట్జ్ అనే ఇంజనీరు ఆ మంచుకట్టలో సొరంగం తవ్వించి, నీటిని కొద్దికొద్దిగా దిగువకు వదిలే ఏర్పాటు చేశాడు. సరస్సు కొంత తగ్గినది గాని, జూన్ 16న కట్ట తెగనే తెగింది. సుమారు 40 మంది మరణించారు. ముందుగా ఆ సొరంగం ద్వారా నీరు పోయి ఉండకపోతే ప్రళయం ఇంకా భీకరంగా ఉండేది.

వెనెట్జ్ తవ్వించిన దానిని మన పెద్దలు చూసి ఉంటే ‘అలుగు’ అని ఉండేవారు. చెరువు కట్టకు తూము, అలుగు రెండూ ఉండాలని, మిగులు నీరు కట్ట మీదుగా కాక అలుగు మీదుగా పోవాలని తెలుగు రైతుకు తరతరాలుగా తెలుసు. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే అది నిలువదు. కోత పడి, కోత గండి అయి, గండి ఊరిని ముంచుతుంది. కనుక ‘డెబాకిల్’కు సమీపమైన తెలుగు మాట ‘పతనం’ కాదు, ‘గండి’. పతనం అంటే కింద పడటం మాత్రమే. గండి అంటే అడ్డు తొలగి, నిలిచి ఉన్నదంతా ఒక్కసారిగా బయటపడటం. ఆదాయానికి గండి పడింది అనడంలోను, కోపం కట్టలు తెంచుకుంది అనడంలోను ఉన్నది ఆ ఫ్రెంచి నది పోలికే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఈ మాటను తాతల నోట వినే ఉంటారు.

2021 నవంబరు 19న కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు నదిపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు ఇందుకు విషాదకరమైన ఉదాహరణ. ఎగువన పింఛా జలాశయం కట్ట తెగి, ఆ వరద కూడా వచ్చి చేరింది. ఐదు స్పిల్‌వే గేట్లలో ఒకటి పనిచేయలేదు. మట్టికట్ట కొట్టుకుపోయి దిగువ గ్రామాలు నీట మునిగి, పలువురు ప్రాణాలు కోల్పోయారు.

భూమిపై కట్ట ఎటువంటిదో, భూగర్భ గనిలో ‘బ్యారియర్’ అటువంటిది. పాత పనులలో నీరు నిలిచి ఉన్నప్పుడు, వాటికీ కొత్త పనులకూ నడుమ తవ్వకుండా విడిచిన బొగ్గే ఆ అడ్డు. అటువంటి పాత పనులకు 60 మీటర్ల లోపు ముందస్తు లిఖిత అనుమతి లేనిదే తవ్వరాదని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు శాసించాయి. అయినప్పటికీ 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపంలోని చాస్‌నాలా గనిలోకి నీరు విరుచుకుపడి 375 మంది కార్మికులు బలి అయ్యారు. 2003 జూన్‌లో సింగరేణి గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలో జలప్రవేశం 17 మందిని పొట్టనపెట్టుకున్నది. భాషాపరంగా చూచినా, సాంకేతికంగా చూచినా ఇవి అక్షరాలా డెబాకిల్‌లే.

ఇక ప్రయోగం సంగతి. క్రమక్రమంగా క్షీణించేదానికి ఈ పదం తగదు, దానికి ‘డిక్లైన్’ చాలు. కట్టడం తనంతట కూలితే ‘కొలాప్స్’. నవ్వులపాలైన వైఫల్యం ‘ఫియాస్కో’. వ్యక్తి గాని, ప్రభుత్వం గాని ఉన్నత స్థితి నుండి దిగజారితే ‘డౌన్‌ఫాల్’. ఈ చివరి పదానికి ఒక విశేషం కలదు. అది పతనాన్నే కాక పతన కారణాన్ని కూడా చెప్పగలదు. ‘గర్వమే అతని డౌన్‌ఫాల్’ అని ఆంగ్లంలో అనవచ్చును. ‘డెబాకిల్’కు సాధారణంగా ఆ శక్తి లేదు. అది జరిగినదానిని మాత్రమే చెబుతుంది, ఎందుకు జరిగినదో చెప్పదు.

నివేదికలు వ్రాసే మనవంటి వారు గుర్తుంచుకోవలసినది ఇదే. ‘డెబాకిల్ సంభవించినది’ అని వ్రాసి ఊరుకుంటే, అది దైవఘటనవలె ధ్వనిస్తుంది. చదివినవారు నిట్టూర్చి పుట తిప్పివేస్తారు. నీరు ఒక్క రాత్రిలో నిలువదు, అడ్డు ఒక్క క్షణంలో బలహీనపడదు. ఏ అడ్డు తొలగినది, దాని వెనుక ఎంత కాలంగా ఏమి నిలిచి ఉన్నది, అలుగు ఎందుకు లేకపోయినది అనే మూడు ప్రశ్నలకు సమాధానం ఆ వాక్యం వెంటనే ఉండాలి. ఆ సమాధానం ప్రమాదానికి ముందే తనిఖీ పుస్తకంలో చేరి, దానిపై చర్య జరిగితే, ఈ పదాన్ని మనం క్రికెట్ వార్తలకే పరిమితం చేయవచ్చును.