కాకిబంగారము – మైకా

నెల్లూరు సీమలో గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతములను కలుపుకొని సాగిన భూభాగమును భూగర్భశాస్త్రజ్ఞులు ‘నెల్లూరు అభ్రక మండలము’ అందురు. రాపూరునకును ఆత్మకూరునకును నడుమ కలువాయి యున్నది. గోటితో తీసినను పొరలు పొరలుగా విడివడి, ఎండ తగులగనే తళతళలాడు ఈ ఖనిజమును పల్లెవారు కాకిబంగారమందురు. సంస్కృతమున ఇది అభ్రకము, శాస్త్రగ్రంథములలో మైకా. ఒకే వస్తువునకు ఇన్ని పేర్లెట్లు కలిగినవో విచారింపదగినది.

మైకా లాటిను పదము. ఆ భాషలో ‘మీకా’ అనగా రేణువు. రొట్టె నలిపినపుడు రాలు పొడి వంటిది. అదే భాషలో ‘మికారే’ అను క్రియయు కలదు. దానికి మెఱయుట అని అర్థము. ఖనిజము మెఱయునది గనుక ఈ క్రియనుండియే మైకా పుట్టినదని ఎవరికైనను తోచును. కాని మొదటి పదమున ఇకారము దీర్ఘము, రెండవదానిలో హ్రస్వము. అవి వేఱు పదములు. నల్లరాతి శిలలలో ఈ ఖనిజము తఱచు చిన్న రేణువులుగా కనబడును. నిఘంటుకారులు ‘మీకా’యే మూలమని చెప్పి, ఆ పేరు నిలుచుటకు ‘మికారే’ పోలిక తోడ్పడియుండునని తలంతురు.

అభ్రమనగా మేఘము, ఆకాశము. ఆయుర్వేదములోని అభ్రకభస్మమునకు ఆ పేరు ఇందుండియే వచ్చినది. తెలుగువారు దీని మెఱుపును చూచిరి. కాని బంగారము కాదని ‘కాకి’ని చేర్చిరి. జర్మను దేశీయులు దీనిని ‘పిల్లివెండి’ అనిరి. ఒకరినొకరు ఎఱుగని ప్రజలకు ఒకే ఊహ తోచుట వింత గదా! రష్యాలో దీని పలకలను కిటికీలకు అద్దములుగా అమర్చెడివారు. అందుచే ‘మస్కవీ గాజు’ అను పేరు కలిగి, దానినుండి ఒక జాతి అభ్రకమునకు 1850లో ‘మస్కవైటు’ అను శాస్త్రనామ మేర్పడెను. పచ్చని ఛాయగల నెల్లూరు అభ్రకము ఆ జాతిలోనిదే.

ఒకరు రేణువును, ఒకరు మేఘమును, ఒకరు మెఱుపును చూచిరి. అయితే వేడిని తట్టుకొని విద్యుత్తును సాగనీయకుండుట దీని ముఖ్యగుణము. విద్యుత్పరికరములలో దీనికి విలువ తెచ్చినది ఆ గుణమే. దానిని ఈ పేళ్లలో ఏదియు చెప్పదు. ఆ విలువ కొఱకు గనులలో దిగిన కూలీలు రాతిదుమ్మును పీల్చి ఊపిరితిత్తుల వ్యాధులకు లోనగుటయు కలదు. అదియు ఏ పేరునందును కానరాదు.

కావున విద్యార్థులు రెండు విషయములు గ్రహింపవలెను. ధ్వనియు అర్థమును కుదిరినంతమాత్రమున వ్యుత్పత్తి నిశ్చయము కాదు, పదచరిత్రను పరిశీలింపవలెను. పేరు వస్తువునకు గుర్తు మాత్రమే. వస్తువును తెలిసికొనుటకు దానినే పరీక్షింపవలెను.