ఐబ్రాక్స్‌కు అమెరికా యజమానులు

2012 మే నెల మొదట్లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరానికి అమెరికా నుంచి ఒక కబురొచ్చింది. దివాలా అంచున నిలబడ్డ రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్బును 1.12 కోట్ల పౌండ్లకు కొనడానికి టెనెసీ రాష్ట్రానికి చెందిన బిల్ మిల్లర్ ముందుకొచ్చారని దాని సారాంశం. రోడ్డు మీద ఆగిపోయిన వాహనాలను లాక్కెళ్లే ట్రక్కుల తయారీలో ఆయనది పెద్ద పేరు. బేరం ఖాయమైందని అందరూ అనుకుంటుండగానే, మే 8న మిల్లర్ తప్పుకున్నారు. లోపలికెళ్లి చూస్తే లెక్కలు మొదట చెప్పినంత బాగా లేవన్నారు. అమెరికన్‌వి, ఇంటికి వెళ్లిపొమ్మంటూ అభిమానులు పంపిన సందేశం కూడా తనకు స్పష్టంగా అందిందని చెప్పారు.

2025 మే 30న అదే క్లబ్బు అమెరికన్ల చేతికి వెళ్లింది. ఆరోగ్య బీమా వ్యాపారంలో ఎదిగిన ఆండ్రూ కావెనా నాయకత్వంలోని బృందం, శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు చెందిన పెట్టుబడి సంస్థతో కలిసి 51 శాతం వాటా కొన్నది. ఆ సంస్థను ముందుండి నడిపించే పరాగ్ మరాఠే మన దేశ మూలాలున్న అమెరికన్. ఇంగ్లండ్‌లో లీడ్స్ యునైటెడ్‌కు ఛైర్మన్‌గా ఉన్న ఆయన, ఇప్పుడు రేంజర్స్‌కు వైస్ ఛైర్మన్ కూడా. ఈసారి అభిమానుల్లో ఎక్కువమంది కొత్త యజమానులను స్వాగతించారు.

ఒకప్పుడు గడప తొక్కనివ్వని వాళ్లకే ఇంటి తాళాలు ఎందుకిచ్చారో తెలియాలంటే, 1872లో పుట్టి యాభైకి పైగా లీగ్ టైటిళ్లు గెలిచిన క్లబ్బు ఎలా కూలిందో చూడాలి.

1988లో డేవిడ్ మర్రే అనే పారిశ్రామికవేత్త 60 లక్షల పౌండ్లకు రేంజర్స్‌ను కొన్నారు. ఖరీదైన ఆటగాళ్లు వచ్చారు, కప్పులు వచ్చాయి, వాటితోపాటు అప్పులూ వచ్చాయి. 2001 తర్వాత ఆటగాళ్లకు, ఉద్యోగులకు ఇచ్చే డబ్బులో కొంత భాగాన్ని జీతంగా కాకుండా ట్రస్టుల ద్వారా 'అప్పు' పేరుతో ఇవ్వడం మొదలైంది. అది జీతమే, పన్ను కట్టాల్సిందేనని ఆదాయపు పన్ను శాఖ పట్టుబట్టింది. ఏళ్ల తరబడి సాగిన ఆ కేసులో 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు శాఖ వాదనే సరైనదని తేల్చింది. కానీ ఆ తీర్పు కన్నా చాలా ముందే, కేసు నీడ పడిన చోటికి మంచి కొనుగోలుదారు ఎవరూ రాలేదు.

వచ్చిన వ్యక్తి క్రెగ్ వైట్. 2011 మేలో ఆయన మర్రే వాటాను ఒక్క పౌండుకు కొన్నారు. బ్యాంకుకు ఉన్న 1.8 కోట్ల పౌండ్ల బాకీ తీర్చాలన్నది షరతు. బాకీ తీరింది. ఎవరి డబ్బుతో తీరిందన్నదే అసలు సంగతి. రాబోయే సీజన్లలో అభిమానులు కొనబోయే టికెట్లను టికెటస్ అనే సంస్థకు ముందే అమ్మి, 2.4 కోట్ల పౌండ్లకు పైగా తెచ్చారు. అంటే క్లబ్బును కొన్నది అభిమానుల డబ్బుతోనే, అదీ వాళ్లింకా సంపాదించని డబ్బుతో. పంట వేయకముందే ధాన్యాన్ని షావుకారుకు రాసిచ్చిన రైతుకు ఏ గతి పడుతుందో క్లబ్బుకూ అదే పట్టింది. రోజువారీ ఖర్చులకు చేతిలో డబ్బు లేదు. ఉద్యోగుల జీతాల నుంచి కోసిన పన్ను సర్కారుకు చేరలేదు. 2012 ఫిబ్రవరి 14న క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. మన దగ్గర దివాలా కంపెనీని పరిష్కార నిపుణుడి చేతిలో పెట్టడం లాంటిదే ఇది. పెద్ద పన్ను కేసు కూడా కలిపితే బాకీలు 13.4 కోట్ల పౌండ్ల వరకు ఉండొచ్చని నిర్వాహకులు తేల్చారు. క్లబ్బును మోసంతో చేజిక్కించుకున్నారన్న అభియోగం మీద వైట్‌ను విచారించిన జ్యూరీ 2017లో ఆయన నిర్దోషి అని చెప్పింది. నేరం కాకపోయినా నష్టం నష్టమే.

మిల్లర్ వెళ్లిపోయాక వ్యాపారవేత్త చార్లెస్ గ్రీన్ బృందం కొనడానికి వచ్చింది. బాకీదారులతో రాజీకి పన్ను శాఖ ఒప్పుకోకపోవడంతో పాత కంపెనీ మూతపడింది. స్టేడియంతో సహా ఆస్తులన్నీ 55 లక్షల పౌండ్లకు కొత్త కంపెనీకి వెళ్లాయి. అగ్ర లీగ్‌లోని మిగతా క్లబ్బులు కొత్త కంపెనీని చేర్చుకోవడానికి నిరాకరించాయి. రేంజర్స్ అట్టడుగున, నాలుగో స్థాయి లీగ్ నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

అక్కడే ఈ కథలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఉంది. పీటర్‌హెడ్ అనే చేపల రేవు పట్టణంలోని చిన్న మైదానంలో తొలి లీగ్ మ్యాచ్ ఆడిన రేంజర్స్, చివర్లో గోల్ కొట్టి 2–2తో ఎలాగో గట్టెక్కింది. వారం తర్వాత, ఆగస్టు 18న సొంత మైదానం ఐబ్రాక్స్‌లో ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ అనే బుల్లి జట్టుతో ఆట. చూడటానికి వచ్చినవాళ్లు 49,118 మంది. నాలుగో స్థాయి ఫుట్‌బాల్‌లో ప్రపంచంలో ఎక్కడా అప్పటిదాకా అంత జనం లేరు. డైరెక్టర్లు మారారు, కంపెనీ మారింది, ఆటగాళ్లు చాలామంది వెళ్లిపోయారు. టికెట్ కొనే మనిషి మాత్రం తన సీటు వదల్లేదు.

అదే 2012లో హైదరాబాద్ కూడా తన జట్టును పోగొట్టుకుంది. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్, యజమాని డెక్కన్ క్రానికల్ అప్పుల్లో మునగడంతో రద్దయింది. పీవీపీ వెంచర్స్ ఇవ్వజూపిన 900 కోట్ల రూపాయల బేరం కుదరలేదు. చివరికి సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున కొత్త జట్టును దక్కించుకుంది. ఛార్జర్స్ కథ అక్కడితో ముగిసింది, సన్‌రైజర్స్ కథ మొదలైంది. హైదరాబాద్‌లో దాని గురించి పెద్ద గొడవేమీ జరగలేదు. ఐపీఎల్‌లో జట్టు అంటే బోర్డు ఇచ్చే హక్కు. గ్లాస్గోలో క్లబ్బు అంటే తాత ముత్తాతల నుంచి వచ్చిన వారసత్వం. ఇప్పటి రేంజర్స్ పాతదేనా, కొత్తదా అని ప్రత్యర్థి సెల్టిక్ అభిమానులతో వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

2016లో అగ్ర లీగ్‌కు తిరిగొచ్చి, 2021లో ఒక్క ఓటమీ లేకుండా టైటిల్ గెలిచి, 2022లో యూరోపా లీగ్ ఫైనల్‌దాకా వెళ్లినా రేంజర్స్ డబ్బు కష్టాలు తీరలేదు. ఏటా పడే లోటును పెద్ద వాటాదారులు జేబుల్లోంచి పూడుస్తూ వచ్చారు. 2023–24లో నష్టం 1.72 కోట్ల పౌండ్లు. స్కాట్లాండ్ లీగ్ మొత్తానికి టీవీ హక్కుల మీద ఏడాదికి వచ్చేది సుమారు 3 కోట్ల పౌండ్లే. యాభై వేల సీట్లు నిండే క్లబ్బుకు అది ఏ మూలకూ చాలదు.

కానీ అమెరికాలో జట్ల విలువకూ ఇక్కడి విలువకూ మధ్య ఉన్న తేడాలోనే అమెరికన్లకు అవకాశం కనిపించింది. 2025 మేలోనే ఫార్టీనైనర్స్ జట్టులో 6.2 శాతం వాటాను, జట్టు విలువను 850 కోట్ల డాలర్లకు పైగా కట్టి అమ్మారు. కొన్నవారిలో మన దేశ మూలాలున్న పెట్టుబడిదారు వినోద్ ఖోస్లా కుటుంబం కూడా ఉంది. అక్కడ ఆ చిన్న ముక్కకు పెట్టే డబ్బుతో స్కాట్లాండ్‌లో ఎన్నో క్లబ్బులు కొనొచ్చు. డండీ, డండీ యునైటెడ్, సెయింట్ జాన్‌స్టన్ క్లబ్బులను అంతకు ముందే అమెరికన్లు కొన్నారు.

కానీ అమెరికా జట్ల యజమానికి లేని భయం ఇక్కడ ఉంది. ఫార్టీనైనర్స్ ఆడే ఎన్ఎఫ్ఎల్ లీగ్‌లో ఎంత ఘోరంగా ఆడినా జట్టు కింది లీగ్‌కు జారదు, టీవీ డబ్బులో వాటా తగ్గదు. యూరప్ అగ్ర క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌లోకి రేంజర్స్ వెళ్లకపోతే ఆ ఏడాది బడ్జెట్టే తలకిందులవుతుంది. కొత్త యజమానులు క్లబ్బులో 2 కోట్ల పౌండ్లు పెడతామన్నారు, రస్సెల్ మార్టిన్‌ను కోచ్‌గా తెచ్చారు. 2025 ఆగస్టులో బెల్జియం జట్టు క్లబ్ బ్రూజ్ చేతిలో రెండు మ్యాచ్‌లు కలిపి 9–1తో ఓడి, ఛాంపియన్స్ లీగ్ దారి మూసుకుపోయింది. స్టేడియంలో నిరసనలు హోరెత్తాయి. అక్టోబరు 5న మార్టిన్‌ను తీసేశారు. నెల తిరక్కుండానే కొత్త కోచ్‌గా డానీ రోల్ వచ్చారు. నవంబరులో ముఖ్య కార్యనిర్వహణాధికారి పాట్రిక్ స్టీవర్ట్, క్రీడా డైరెక్టర్ కెవిన్ థెల్‌వెల్ కూడా ఇంటిదారి పట్టారు.